బాబు మోహన్: బీరోలు నుంచి అందోలు దాకా

బాబు మోహన్ తెలుగు సినిమా హాస్యనటుడు, రాజకీయ నాయకుడు. 1952 మార్చి 19న ఖమ్మం ప్రాంతంలోని బీరోలు గ్రామంలో పుట్టారు. రెవెన్యూ శాఖలో ఉద్యోగం వదిలి సినిమాల్లోకి వచ్చి, 1991లో విడుదలైన ‘మామగారు’తో ఇంటింటికీ తెలిసిన నటుడయ్యారు. కోట శ్రీనివాసరావుతో కలిసి ఆయన పండించిన జంట హాస్యం 1990 దశకపు తెలుగు సినిమాకు ఒక గుర్తుగా మిగిలింది. నటుడిగా చేతినిండా పని ఉన్న రోజుల్లోనే తెలుగుదేశం పార్టీ తరఫున 1998 ఉపఎన్నికలో అందోలు నుంచి శాసనసభకు వెళ్లారు. 1999లో మళ్లీ గెలిచారు, ఆ సభాకాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రిగా పనిచేశారు. 2014లో తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థిగా మూడోసారి గెలిచారు. అందోలు అప్పట్లో మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది.

ఆయన గురించి రాసేవాళ్లు సాధారణంగా సినిమాను ఒక జీవితంగా, రాజకీయాన్ని మరో జీవితంగా విడగొడతారు. అలా విడగొడితే అసలు సంగతి జారిపోతుంది. రెవెన్యూ కచేరీలో, తెర మీద, ఊళ్లలో ఆయన చేసిన మూడు పనులకూ పెట్టుబడి ఒకటే. ఎవరి ముందైనా బెరుకు లేకుండా నిలబడి, ఎదుటి మనిషిని తనవైపు తిప్పుకోగల చొరవ అది. ఆ చొరవ ఆయనకు తలుపులు తెరిచింది. తెరిచిన తలుపులు ఎంతకాలం తెరుచుకుని ఉంటాయన్నది మాత్రం ఆయన చేతిలో లేని విషయాల మీద, కథా రచయితల మీద, పార్టీ టికెట్ల మీద, ప్రత్యర్థి బలం మీద ఆధారపడింది. ఈ వ్యాసం సినిమానూ రాజకీయాన్నీ కలిపి చూస్తుంది.

బాల్యం, ఉద్యోగం

బీరోలు ఇప్పుడు ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం మండలంలో ఉంది. బాబు మోహన్ పుట్టేనాటికి ఖమ్మం జిల్లాయే లేదు. ఆ ప్రాంతమంతా వరంగల్ జిల్లాలో భాగం. 1953 అక్టోబరులోగానీ ఖమ్మం విడి జిల్లా కాలేదు. ఆయన పుట్టేనాటికి తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించి ఆరు నెలలు కూడా గడవలేదు. హైదరాబాద్ రాష్ట్రంలో తొలి సార్వత్రిక ఎన్నికలు ముగిసి, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది కూడా ఆ మార్చి నెలలోనే. దళిత కుటుంబాల పిల్లలు బడి మెట్లెక్కడమే పెద్ద సంగతిగా ఉన్న కాలం, ప్రాంతం అది. బాబు మోహన్ తండ్రి ఉపాధ్యాయుడు. ఇంట్లో చదువు ఉండటం వల్ల కొడుకు డిగ్రీ దాకా వెళ్లగలిగాడు, ప్రభుత్వోద్యోగం అందుకోగలిగాడు. ఆ తరంలో, ఆ ఊళ్లలో ఇది చిన్న మజిలీ కాదు.

ఉద్యోగం రెవెన్యూ శాఖలో. తెలంగాణ పల్లెకు సర్కారంటే చాలాకాలం రెవెన్యూ శాఖే. పట్వారీ రాసిన పహాణీ, గిర్దావరు చేసిన తనిఖీ, తాసిల్దారు సంతకం, ఏటా జరిగే జమాబందీ, వీటి చుట్టూనే రైతు బతుకు తిరిగేది. పట్టా కోసం నెలల తరబడి తిరిగే ముసలాయన, కాగితం చదవలేక కచేరీ అరుగు మీద కూర్చున్న తల్లి, మాట తియ్యగా మాట్లాడి పని చేయించుకునే దళారీ, అందరూ వచ్చి చేరే చోటు ఆ కచేరీ. మనుషుల నడక, నసుగుడు, అణకువ, దబాయింపు చూసి నేర్చుకోవాలనుకునే నటుడికి అంతకు మించిన బడి దొరకదు. బాబు మోహన్ తర్వాతి కాలంలో తెర మీద చేసిన పాత్రల్లో పెద్దవాడి ముందు చేతులు కట్టుకుని, పక్కకు తిరగ్గానే వాడినే బురిడీ కొట్టించే మనిషి మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. అలాంటి మనుషులను రోజూ దగ్గరగా చూసే ఉద్యోగమే ఆయన చేశారన్నది గమనించదగ్గ విషయం.

ఉద్యోగం వదిలి వేషాల కోసం రావడంలో ఆయన ఒంటరి కాదు. తెలుగు హాస్యనటుల చరిత్రలో ఇదొక దారిగా స్థిరపడింది. రాజబాబు రాజమండ్రిలో బడి పంతులుగా పనిచేసి మద్రాసు రైలెక్కారు. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకు ఉద్యోగి. బ్రహ్మానందం అత్తిలి కళాశాలలో తెలుగు అధ్యాపకుడు. ఎం.ఎస్. నారాయణ కూడా తెలుగు పాఠాలు చెప్పినవారే. ఏవీఎస్ పాత్రికేయుడు. నెలజీతం ఇచ్చే నమ్మకాన్ని వదులుకోవడం తేలికైన నిర్ణయం కాదు. పెద్ద కుటుంబాల వారసులకు సినిమా ఒక ఆస్తి. వీళ్లకు అది ఉన్న ఆసరా వదిలేసి దూకిన నీళ్లు. ప్రభుత్వోద్యోగం దొరికిన దళిత ఇంట్లో ఆ వదులుకోవడం ఇంకా బరువైనది. బాబు మోహన్ జీవితంలో అన్నిటికంటే ధైర్యమైన పని ఇదేనని, ఎన్నికల్లో నిలబడటం దీని తర్వాతేనని ఈ రచయిత అభిప్రాయం.

సినిమా గడప

‘ఈ ప్రశ్నకు బదులేది’ ఆయన తొలి సినిమా. ఎనభయ్యో దశకం మధ్యలో, మద్రాసు నుంచి హైదరాబాదుకు తెలుగు సినిమా కొద్దికొద్దిగా తరలివస్తున్న రోజులవి. అన్నపూర్ణ స్టూడియో అప్పటికే హైదరాబాదులో ఉంది. మద్రాసులో మకాం పెట్టి ఏళ్ల తరబడి నిర్మాతల గుమ్మాలు తొక్కే స్తోమత లేని తెలంగాణ కుర్రాళ్లకు ఈ తరలింపు ఒక అవకాశం. ఇంతకు ముందు తరంలో కస్తూరి శివరావు, రేలంగి, రమణారెడ్డి, పద్మనాభం, అల్లు రామలింగయ్య, రాజబాబు, వీళ్లంతా కోస్తా, రాయలసీమ నాటక వేదికల నుంచి మద్రాసు చేరినవాళ్లు. హాస్యనటుల్లో తెలంగాణ వాళ్లు అరుదు. ఖమ్మం నుంచి వచ్చిన బాబు మోహన్ ఆ లోటును పూడ్చిన మొదటి వరస వాళ్లలో ఒకరు.

చిన్న వేషాలతో కొన్నేళ్లు గడిచాయి. నిర్మాత ఎం. శ్యాంప్రసాద్ రెడ్డి, దర్శకుడు కోడి రామకృష్ణ కలిసి తీసిన సినిమాలు ఆయనకు తొలి ఊతం. వాటిలో ‘అంకుశం’ చూసినవాళ్లకు రాజశేఖర్ ఆవేశం, రామిరెడ్డి విలనీ ముందు గుర్తుకొస్తాయి. అంత బరువైన సినిమాలో నవ్వించగల ముఖంగా పరిశ్రమ కంటబడటం బాబు మోహన్‌కు మేలు చేసింది. అక్కడి నుంచి వేషాలు పెరిగాయి.

ఆ నాటికి తెలుగు హాస్యం మలుపు తిరిగి ఉంది. జంధ్యాల సినిమాలు మాటల హాస్యానికి పెద్ద పీట వేశాయి. సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు ఆ బాణీకి ముఖాలు. 1987లో వచ్చిన ‘అహ నా పెళ్లంట’ కోట శ్రీనివాసరావును పిసినారి లక్ష్మీపతిగా, బ్రహ్మానందాన్ని అరగుండుగా నిలబెట్టింది. యజమాని–పనివాడు అనే జంటలో ఎంత హాస్యం దాగి ఉందో ఆ సినిమా పరిశ్రమకు చూపింది. పక్కనే తమిళంలో గౌండమణి–సెంథిల్ జోడీ హోరెత్తిస్తోంది. తెలుగులో కూడా అలాంటి జంట కోసం దర్శకులు చూస్తున్న సమయంలో బాబు మోహన్ వచ్చారు. ప్రతిభతో పాటు ఇలాంటి సమయం కూడా కలిసిరావాలి.

కోటతో జంట

‘మామగారు’ ముత్యాల సుబ్బయ్య దర్శకత్వంలో వచ్చిన కుటుంబ కథ. దాసరి నారాయణరావుది టైటిల్ పాత్ర, వినోద్ కుమార్, యమున నాయకానాయికలు. కథ కన్నీళ్లు పెట్టిస్తుంటే పక్కన మరో దారిలో హాస్యం నడుస్తుంది. ఆ దారిలో కోట శ్రీనివాసరావు, అతని వెంటపడే బిచ్చగాడిగా బాబు మోహన్. బిచ్చగాడి పాత్రలో ఆయన దీనంగా ఉండడు. అడగడం తన హక్కన్నట్టు, ఇవ్వడం ఎదుటివాడి బాధ్యతన్నట్టు ఉంటాడు. ఎంత తిట్టినా, ఎన్నిసార్లు గెంటినా మళ్లీ అదే నవ్వుతో ప్రత్యక్షమవుతాడు. కోట పాత్రకు ఉన్న పెత్తనం, తెలివి, టక్కరితనం అన్నీ ఈ సిగ్గులేని పట్టుదల ముందు తేలిపోతాయి. సినిమా పెద్ద విజయం సాధించింది. ఆ తర్వాత పది పన్నెండేళ్లు కోట, బాబు మోహన్ లేని హాస్య చిత్రం తక్కువ. ఇద్దరూ పదుల కొద్దీ సినిమాల్లో కలిసి నటించారు.

ఈ జంట ఎలా పనిచేసేదో కాస్త ఆగి చూడాలి. కోటది గొంతు. ఒకే వాక్యాన్ని నాలుగు రకాలుగా విరిచి, మధ్యలో ఆగి, చివర్లో జారవిడిచే నేర్పు ఆయనది. ‘ప్రతిఘటన’లో తెలంగాణ యాసతో భయపెట్టిన ఆ గొంతే, తర్వాత నవ్వించడానికీ పనికొచ్చింది. బాబు మోహన్‌ది ముఖం, ఒళ్లు. గుండ్రటి కళ్లు, చటుక్కున విచ్చుకునే పెద్ద నవ్వు, ఎక్కడ ఏ సంగీతం వినిపించినా కదిలిపోయే కాళ్లు. యాసను ఆయన పెద్దగా ఆధారం చేసుకోలేదు. తెలంగాణ మాటను విలన్లకూ వెక్కిరింతకూ వాడుకునే అలవాటు పరిశ్రమలో బలంగా ఉన్న రోజుల్లో, తెలంగాణ నుంచి వచ్చిన ఈ నటుడు యాసను కాక దేహాన్ని నమ్ముకుని నవ్వించడం చెప్పుకోదగ్గ సంగతి.

కోట తన్నడం, బాబు మోహన్ తన్నులు తినడం ఈ జంట సన్నివేశాల్లో పదేపదే వచ్చే మలుపు. చూసేవాళ్లకు తన్నేవాడు కనిపిస్తాడు, కానీ నవ్వు పుట్టేది తిన్నవాడి దగ్గర. దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలిసీ తెలియనట్టు ఉండాలి, పడ్డాక ఒంటిని సరైన క్షణంలో వదిలేయాలి, లేచాక ముఖంలో అవమానం కంటే ఆశ్చర్యం ముందు కనపడాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా చూసేవాడికి జాలి వేస్తుంది తప్ప నవ్వు రాదు. బాబు మోహన్‌కు ఈ లెక్క బాగా తెలుసు. పడ్డ ప్రతిసారీ ఆయన పాత్ర లోపల ఏదో ఎత్తు వేస్తున్నట్టు కళ్లలో తెలిసిపోయేది. సన్నివేశం చివర పెత్తందారు మోసపోయి నిలబడితే, తన్నులు తిన్నవాడు డబ్బుతోనో భోజనంతోనో బయటపడేవాడు. పల్లెల్లో, బస్తీల్లో జనం ఆ చివరి మలుపు కోసమే ఈల వేశారు.

ఈ హాస్యంలో ఈనాడు ఇబ్బంది పెట్టే భాగం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఒంటి రంగు మీద, రూపం మీద, పేదరికం మీద వేసిన జోకులు ఆనాటి మాటల్లో కొల్లలు. నల్లగా ఉన్నవాణ్ని, బిచ్చగాణ్ని, పనివాణ్ని తన్నితే నవ్వాలన్న ఊహలో పాత సమాజపు కొలతలు ఉన్నాయి. రాసినవాళ్లు, తీసినవాళ్లు వాటిని ప్రశ్నించలేదు. కానీ ఆ ఇరుకులోనే బాబు మోహన్ తన పాత్రలకు ఒక మొండి ఆత్మగౌరవం ఇచ్చారు. కాగితం మీద దెబ్బలు తినేవాడిగా ఉన్న పాత్ర ఆయన చేతిలో పడ్డాక ఎప్పుడూ ఓడిపోయినవాడిగా మిగల్లేదు. నటుడిగా ఆయన సాధించిన అసలు విజయం ఇదే. ఇది మాటల రచయిత ఇచ్చింది కాదు, ఆయన తెచ్చుకున్నది.

తొంభయ్యో దశకంలో ఈవీవీ సత్యనారాయణ, ఎస్వీ కృష్ణారెడ్డి, రేలంగి నరసింహారావు వంటి దర్శకులు, దివాకర్ బాబు, ఎల్బీ శ్రీరాం వంటి మాటల రచయితలు హాస్యాన్ని సినిమాకు నడుమ కూర్చోబెట్టారు. రాజేంద్రప్రసాద్, నరేష్ వంటి హీరోల చుట్టూ ఆరేడుగురు హాస్యనటులతో సినిమా నిండిపోయేది. బ్రహ్మానందం, కోట, బాబు మోహన్, ఆలీ, మల్లికార్జునరావు, గుండు హనుమంతరావు, శ్రీలక్ష్మి, వీళ్లలో నలుగురైనా లేకుండా బొమ్మ ఉండేది కాదు. హాస్యనటుల కాల్షీట్లు రోజుల లెక్కన సర్దుకునేవారు. పొద్దున ఒక సెట్టు, సాయంత్రం మరో సెట్టు. వందల సినిమాల సంఖ్య అలా పేరుకున్నదే. వాటిలో చాలా వేషాలు పేరు కూడా గుర్తుండనివి. 1993లో ఎస్వీ కృష్ణారెడ్డి తీసిన ‘రాజేంద్రుడు గజేంద్రుడు’, ‘మాయలోడు’, 1995లో మోహన్ బాబు ‘పెదరాయుడు’ వంటివి మాత్రం ఇప్పటికీ టీవీలో వస్తే జనం ఆగి చూస్తారు.

‘మాయలోడు’లో ఒక వాన పాట ఉంది. నాయిక సౌందర్య పక్కన ఆడింది హీరో కాదు, బాబు మోహన్. హాస్యనటుడికి నాయికతో విడి యుగళగీతం ఇవ్వడం అప్పటికి సాహసమే. సౌందర్య తెలుగులో అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. పాట ఊరూరా మోగింది. మరుసటి ఏడాది ‘శుభలగ్నం’లో ఆలీ పక్కన కూడా సౌందర్య ఆడడానికి దారి వేసింది. ఆ వాన పాటలో బాబు మోహన్‌ను జాగ్రత్తగా చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఆయన హీరోను వెక్కిరించడం లేదు, హీరోలా నటించడం లేదు. తన ఒంటికి వచ్చిన ఆటను మనసారా ఆడుతున్నారు. అందుకే అది పరిహాసపు పాటగా కాక పాటగానే నిలిచింది.

అందోలు

సంగారెడ్డి దాటి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు వెళితే జోగిపేట, దానిని ఆనుకునే అందోలు. రెండూ కలిసి ఒకే పట్టణం లెక్క. 1930లో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ జోగిపేటలోనే, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన. నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు తమ భాష కోసం, హక్కుల కోసం కూడి మాట్లాడిన తొలి పెద్ద వేదిక అది. నియోజకవర్గంలో పుల్కల్ దగ్గర మంజీర మీద సింగూరు ప్రాజెక్టు. ఆ నీళ్లు హైదరాబాదు గొంతు తడపడానికా, ఇక్కడి పొలాలకా అన్న వాదన అందోలు రాజకీయంలో ఎప్పుడూ మండుతూనే ఉంది. శాసనసభ స్థానం షెడ్యూల్డు కులాలకు కేటాయించినది.

బాబు మోహన్‌కు అందోలు పుట్టిన ఊరు కాదు, పెరిగిన ఊరూ కాదు. ఖమ్మం ఒక కొస అయితే ఇది తెలంగాణకు మరో కొస. ఆయనను ఇక్కడికి తెచ్చింది ఒక ఖాళీ. తెలుగుదేశం శాసనసభ్యుడు మల్యాల రాజయ్య 1998లో సిద్దిపేట నుంచి లోక్‌సభకు ఎన్నికవడంతో అందోలు స్థానానికి ఉపఎన్నిక వచ్చింది. ఎన్టీఆర్ మరణించి అప్పటికి రెండేళ్లు. పార్టీ చంద్రబాబు నాయుడు చేతిలో ఉంది. తెర మీది ముఖాలను బరిలోకి దింపడం తెలుగుదేశానికి కొత్త కాదు. అయితే అంతకు ముందు నిలబడినవాళ్లలో ఎక్కువమంది కథానాయకులు, నాయికలు, పెద్ద పాత్రల నటులు. ఒక హాస్యనటుడిని, అదీ తెర మీద తన్నులు తినే మనిషిగా పేరున్నవాణ్ని, ఓటు అడగడానికి పంపడం వేరే లెక్క. జనం నవ్వి ఊరుకుంటారా, నమ్మి ఓటేస్తారా? అందోలు ఓటేసింది.

1999 సాధారణ ఎన్నికల్లో ఎదురు నిలిచింది కాంగ్రెస్ అభ్యర్థి దామోదర రాజనర్సింహ. అప్పటికే ఒకసారి ఇక్కడి నుంచి శాసనసభ్యుడైన వ్యక్తి, తండ్రి రాజనర్సింహ కాలం నుంచి అందోలులో వేళ్లు దిగిన కుటుంబం. బాబు మోహన్ గెలిచారు. ఈ ఇద్దరి పోటీ పాతికేళ్ల దాకా సాగింది. అందోలు ఇటీవలి ఎన్నికల చరిత్రను చాలావరకు ఈ ఇద్దరి పేర్లతోనే చెప్పవచ్చు. ఒకరికి ఊరి వేళ్లు, ఇంకొకరికి రాష్ట్రమంతా తెలిసిన ముఖం. గాలి పార్టీ వైపు వీచినప్పుడు ముఖం గెలిచింది, లేనప్పుడు వేళ్లు గెలిచాయి.

1999 శాసనసభలో తెలుగు సినిమా అభిమానులు మరిచిపోలేని దృశ్యం మరొకటి ఉంది. విజయవాడ తూర్పు నుంచి భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా గెలిచి కోట శ్రీనివాసరావు కూడా అదే సభకు వచ్చారు. తెలుగుదేశం, బీజేపీ అప్పుడు మిత్రపక్షాలు. సినిమాల్లో ఏళ్ల తరబడి పక్కపక్కన నటించిన ఇద్దరూ ప్రజాప్రతినిధులుగా ఒకే కప్పు కింద కూర్చున్నారు. హాస్యం జంటగా పండించిన ఇద్దరు నటులు ఒకే సభలో సభ్యులవడం ఎక్కడైనా అరుదే.

కార్మిక మంత్రి, పటాన్‌చెరు

ఆ సభాకాలంలో బాబు మోహన్ కార్మిక శాఖ మంత్రిగా పనిచేశారు. హాస్యనటుడిగానే పేరు సంపాదించి రాష్ట్ర మంత్రి అయినవాళ్లు తెలుగునేల మీద అరుదు. ఈ శాఖకూ ఆయన జిల్లాకూ ఉన్న సంబంధం చెప్పుకోవాలి. అప్పటి మెదక్ జిల్లాకు కేంద్రం సంగారెడ్డి. సంగారెడ్డి నుంచి హైదరాబాదు వైపు వచ్చే దారి పొడుగునా ఫ్యాక్టరీలే. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ అరవయ్యో దశకంలో వచ్చింది. డెబ్బయ్యో దశకంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలైంది. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక ఈ పట్టీకి ఇంకా ఊపు వచ్చింది. బొల్లారం, పాశమైలారం వాడలు పెరిగాయి, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వెలసింది. మందుల కంపెనీలు, రసాయన పరిశ్రమలు, ఉక్కు మిల్లులు దగ్గర దగ్గరగా చేరాయి. వాటి వ్యర్థాలతో నక్కవాగు రంగు మారింది. చుట్టుపక్కల ఊళ్ల బావులు పాడై, రైతులు కోర్టుల దాకా వెళ్లారు.

ఈ వాడల్లో షిఫ్టు దిగే జనంలో జోగిపేట, నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. ఒడిశా, బీహారు నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. పర్మినెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కూలీకీ మధ్య జీతంలో, భద్రతలో ఉన్న దూరం ఈ పట్టీలో రోజూ కనిపించే సత్యం. కనీస వేతనాలు, కాంట్రాక్టు కూలీల చట్టం, ఫ్యాక్టరీల తనిఖీ, ప్రమాద పరిహారం, ఇవన్నీ కార్మిక శాఖ పరిధిలోకి వచ్చే పనులు. అంటే అందోలు సభ్యుడి చేతికి వచ్చింది తన జిల్లాలో అత్యంత బరువైన శాఖల్లో ఒకటి.

కాలం మాత్రం కార్మికుడివైపు లేదు. ఆర్థిక సంస్కరణలు ఊపందుకున్న ఏళ్లవి. ప్రభుత్వ రంగ సంస్థలను మూయడం, అమ్మడం, ప్రైవేటు భాగస్వాములకు అప్పగించడం ఆ ప్రభుత్వ విధానంలో భాగం. 2002లో నిజాం షుగర్స్ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. దాని యూనిట్లలో ఒకటి మెదక్ దగ్గర మంబోజిపల్లిలోది. ఇలాంటి నిర్ణయాలు కార్మిక మంత్రి బల్ల మీద పుట్టవు, కానీ వాటి వేడి తగిలేది ఆ శాఖకే. ఆ ఏళ్లలో ఎవరు కూర్చున్నా ఆ కుర్చీకి అధికారం కంటే ఓదార్పు పని ఎక్కువగా ఉండేది. జనం మధ్యకు చొరవగా వెళ్లగల మనిషిని అక్కడ కూర్చోబెట్టడం ప్రభుత్వానికి అక్కరకొచ్చే ఎంపిక.

ఓటమి, గెలుపు, తర్వాత

2003లో హైదరాబాదులో జరిగిన రోడ్డు ప్రమాదంలో బాబు మోహన్ కొడుకును పోగొట్టుకున్నారు. మంత్రిగా ఉన్న రోజులవి. ఆ తర్వాత ఆయన సినిమాలు బాగా తగ్గిపోయాయి. ఏడేళ్ల తర్వాత, 2010లో కోట శ్రీనివాసరావు కుమారుడు కూడా రోడ్డు ప్రమాదంలోనే మరణించారు. ఒక తరాన్ని కలిసి నవ్వించిన ఇద్దరికీ ఒకే రకమైన పుత్రశోకం రావడం తెలుగు ప్రేక్షకులను కలచివేసిన విషయం. 

2004లో తెలుగుదేశం ప్రభుత్వం కూలింది. కాంగ్రెస్, తెరాస పొత్తు గాలిలో అందోలులో దామోదర గెలిచారు. 2009లో తెలుగుదేశం, తెరాస, వామపక్షాలు మహాకూటమిగా పోటీ చేసినా ఇక్కడ ఫలితం మారలేదు. 2011లో దామోదర ఉప ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి రెండు ఓటములు మూటగట్టుకుని, చేతినిండా సినిమాలు లేని నటుడికి అందోలు కథ ముగిసిందనే చాలామంది అనుకున్నారు. 2014 ఎన్నికలకు ముందు ఆయన తెరాసలో చేరారు. రాష్ట్రం రాబోతున్న వేళ, ఆ పార్టీ గాలిలో, ఉప ముఖ్యమంత్రిగా పనిచేసిన దామోదరను ఓడించారు. ఆయన రాజకీయ జీవితంలో ఇది పెద్ద గెలుపు.

2018 సెప్టెంబరులో శాసనసభ రద్దయింది. అదే రోజు తెరాస అధినేత కేసీఆర్ 105 మంది అభ్యర్థుల జాబితా ప్రకటించారు. సిట్టింగు సభ్యుల్లో దాదాపు అందరికీ టికెట్లు దక్కినా, అందోలు మాత్రం పాత్రికేయుడు చంటి క్రాంతి కిరణ్‌కు వెళ్లింది. బాబు మోహన్ బీజేపీలో చేరి అక్కడి నుంచే పోటీ చేశారు, గెలవలేదు. క్రాంతి కిరణ్ గెలిచారు. 2023లో మళ్లీ బీజేపీ అభ్యర్థిగా నిలబడ్డారు. ఈసారి దామోదర గెలిచి, రేవంత్ రెడ్డి మంత్రివర్గంలో ఆరోగ్య శాఖ చేపట్టారు. 2024లో బాబు మోహన్ బీజేపీని వీడి కె.ఎ. పాల్ నడిపే ప్రజాశాంతి పార్టీలో చేరారు. పార్టీలు మారడాన్ని చాలామంది విమర్శిస్తారు, ఆ విమర్శలో న్యాయం ఉంది. అయితే దీన్ని రిజర్వుడు స్థానాల్లో నడిచే రాజకీయంతో కలిపి చూడాలి. ఇలాంటి చోట్ల అభ్యర్థికి సొంత ఊరి పట్టు, కుటుంబ బలం లేకపోతే టికెట్ ఇచ్చే చేయే సర్వస్వం. ఆ చేయి వెనక్కి పోగానే, రాష్ట్రమంతా గుర్తుపట్టే మనిషి కూడా నియోజకవర్గంలో ఒంటరవుతాడు.

తెర మీది బాబు మోహన్‌కు ఆ గతి పట్టలేదు. 1995లో ఈటీవీ, జెమినీ టీవీ మొదలయ్యాక హాస్య సన్నివేశాలు సినిమా నుంచి విడిపోయి ఇళ్లలోకి వచ్చాయి. కథ తెలియకపోయినా ఫర్వాలేదు. కోట ముఖం, బాబు మోహన్ ముఖం పక్కపక్కన కనిపిస్తే చాలు, ఛానెల్ మార్చేవాడి వేలు ఆగుతుంది. తర్వాత యూట్యూబులో అవే ముక్కలు, ఇప్పుడు కుర్రకారు పంపుకునే మీముల్లో అవే ముఖాలు. ‘మామగారు’ విడుదలైనప్పుడు పుట్టని పిల్లలు కూడా ఆయన హావభావాలను గుర్తుపడతారు. 2025 జులై 13న కోట శ్రీనివాసరావు కన్నుమూసినప్పుడు బాబు మోహన్ కన్నీరుమున్నీరయ్యారు. సామాజిక మాధ్యమాల్లో జనం ఆ రోజు పంచుకున్న వాటిలో ఈ ఇద్దరూ కలిసి నటించిన సన్నివేశాలు ఎన్నో.

ఆయన నటనను వరసగా చూడాలనుకునేవారికి వందల సినిమాల జాబితా అక్కర్లేదు. ‘అంకుశం’తో మొదలుపెట్టి ‘మామగారు’లో కోట ఎదుట ఆయన నిలబడే తీరు చూడాలి, తర్వాత ‘రాజేంద్రుడు గజేంద్రుడు’, ఆపైన ‘మాయలోడు’లో వాన పాట. ఆ నాలుగైదేళ్లలో బాబు మోహన్ హాస్యం ఎలా ముదిరిందో వాటిలోనే తెలిసిపోతుంది.